కళ్ళలో పడే వెలుగు: ఎండకైనా హెడ్‌లైటుకైనా లెక్క కోణంతోనే

రాత్రిపూట హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్ళను ఎవరిని కదిపినా ఎదుటి బండ్ల లైట్ల మీద ఒక ఫిర్యాదు ఉంటుంది. అందరూ హై బీమ్ వేసుకునే వస్తున్నారని ఒకరు, ఈ తెల్ల ఎల్ఈడీలు వచ్చాకే కళ్ళు పోతున్నాయని ఇంకొకరు అంటారు. ఎస్‌యూవీలు పెరిగాయనే మాట ఉంది. బైకుల లైట్లు పగలు కూడా ఆరడం లేదనే మాట ఉంది. లోపం తమ చూపులోనే ఉందేమోనని లోలోపల టెన్షన్ పడేవాళ్ళూ ఉన్నారు. వీటన్నిటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ మాత్రం ఈ చర్చలోకి పెద్దగా రావు. కానీ ఎండకూ హెడ్‌లైటుకూ వర్తించే లెక్క ఒకటే. అది తెలిస్తే ఏ నెలలో ఏ దారిలో ఎండ ముఖాన కొడుతుందో ముందే చెప్పొచ్చు, ఎదుటి కారు లైటు కంట్లో ఎందుకు పొడుస్తోందో కూడా అర్థమవుతుంది.

చూపు తగ్గించే వెలుగు వేరు, చిరాకు పెట్టే వెలుగు వేరు

చూపుకు అడ్డమయ్యే వెలుగును గ్లేర్ అంటారు. నిపుణులు దీన్ని రెండుగా విడదీసి చూస్తారు. మొదటిది కంటికి ఇబ్బందిగా ఉండేది. కళ్ళు చికిలించుకుంటాం, తల తిప్పుకుంటాం, విసుగొస్తుంది. రెండోది నిజంగానే చూపు తగ్గించేది. ఈ రెండూ ఎప్పుడూ కలిసే రావు. కంట్లో పొడిచినట్టున్నా రోడ్డు బాగానే కనిపించే సందర్భాలున్నాయి. పెద్దగా ఇబ్బంది అనిపించకుండానే చూపు తగ్గిపోయే సందర్భాలూ ఉన్నాయి. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే డ్రైవర్‌కు తన చూపు తగ్గిందన్న సంగతే తెలియదు.

చూపు ఎందుకు తగ్గుతుందంటే, కంటి ముందున్న పారదర్శక పొర, లోపలి లెన్సు పూర్తిగా నిర్మలంగా ఉండవు. వాటిలోకి వచ్చిన బలమైన కాంతి కొంత చెదిరి రెటీనా అంతటా పరుచుకుంటుంది. మనం చూస్తున్న దృశ్యం మీద పల్చటి తెల్ల తెర వేసినట్టవుతుంది. లెక్కలో చూస్తే ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. చీకట్లో నల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకరు రోడ్డు దాటుతున్నారనుకుందాం. వెనకున్న రోడ్డు వెలుగు 2 పాళ్ళు, మనిషి వెలుగు 1 పాలు. రోడ్డు రెట్టింపు వెలుగుతోంది కాబట్టి మనిషి ఆకారం తెలుస్తుంది. ఇప్పుడు ఎదుటి లైటు వల్ల కంట్లో 8 పాళ్ళ తెర పడింది. అది రెండింటికీ సమానంగా కలుస్తుంది: రోడ్డు 10 పాళ్ళు, మనిషి 9 పాళ్ళు. తేడా అదే ఒక్క పాలు. కానీ ఇందాక రెట్టింపు వెలుగుతో కనిపించిన రోడ్డు ఇప్పుడు మనిషి కంటే తొమ్మిదో వంతు మాత్రమే ఎక్కువ వెలుగుతోంది. మనిషి అక్కడే ఉన్నా కనిపించరు.

లైటు దాటిపోయాక కూడా కన్ను వెంటనే తేరుకోదు. తేరుకోవడానికి 3 సెకన్లు పట్టిందనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆలోపు బండి 50 మీటర్లు వెళ్ళిపోతుంది.

కోణం సగమైతే తెర నాలుగు రెట్లు

కంట్లో పడే ఈ తెర ఎంత మందంగా ఉంటుందో లెక్కగట్టే సూత్రానికి 1920ల్లో హాలడే, స్టైల్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పునాది వేశారు. తెర మందం రెండిటి మీద ఆధారపడుతుంది: కంటిని చేరే కాంతి ఎంత, ఆ కాంతి మనం చూస్తున్న దిశకు ఎన్ని డిగ్రీల పక్కన ఉంది. కాంతి రెట్టింపైతే తెర రెట్టింపవుతుంది. కోణం సగమైతే మాత్రం నాలుగు రెట్లవుతుంది, మూడో వంతుకు తగ్గితే తొమ్మిది రెట్లవుతుంది. అందుకే లైటు ఎంత బలమైనదనే ప్రశ్న కంటే అది ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు బరువెక్కువ.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఉన్నట్టుండి కళ్ళు బైర్లు కమ్మడం మన ఊళ్ళో చాలామందికి అనుభవమే. సాయంత్రం సూర్యుడు దిగంతానికి 5 డిగ్రీల ఎత్తులో, సరిగ్గా ఎదురుగా ఉన్నాడనుకుందాం. చదును రోడ్డు మీద మన చూపుకూ సూర్యుడికీ మధ్య 5 డిగ్రీల ఎడం ఉంటుంది. 100 మీటర్లకు 4 మీటర్లు ఎత్తెక్కే ర్యాంపు మీదికి వెళ్ళగానే కారుతో పాటు మన చూపూ సుమారు 2.3 డిగ్రీలు పైకి లేస్తుంది. ఎడం 2.7 డిగ్రీలకు తగ్గుతుంది, తెర దాదాపు మూడున్నర రెట్లు పెరుగుతుంది. అదే ఫ్లైఓవర్ అవతల దిగుతుంటే ఎడం 7.3 డిగ్రీలవుతుంది. ఎక్కేటప్పటి తెరలో అప్పటికి మిగిలేది ఏడో వంతు. రెండు వైపులా ఎండ అదే, సూర్యుడూ అక్కడే ఉన్నాడు.

సంక్రాంతికి విజయవాడ రోడ్డు, జూన్‌లో వరంగల్ రోడ్డు

సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించి సరిగ్గా పడమట అస్తమించేది ఏడాదిలో రెండుసార్లే, మార్చిలోనూ సెప్టెంబరులోనూ. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ జూన్ చివరికి సూర్యోదయం తూర్పు నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరుగుతుంది, డిసెంబరు చివరికి దక్షిణానికి అంతే జరుగుతుంది. అస్తమయమూ పడమట అలాగే జరుగుతుంది. కాబట్టి తూర్పు పడమరలకు కాస్త అటూ ఇటుగా సాగే ప్రతి రోడ్డుకూ ఎండ ముఖాన కొట్టే కాలం ఒకటి ఉంటుంది.

విజయవాడ హైవేనే తీసుకోండి. మ్యాప్ మీద హైదరాబాద్ నుంచి విజయవాడకు గీత గీస్తే అది తూర్పు నుంచి దక్షిణానికి సుమారు 23 డిగ్రీలు వాలి ఉంటుంది. జనవరి రెండో వారంలో, అంటే సంక్రాంతికి ఊళ్ళకు వెళ్ళే రోజుల్లో, సూర్యోదయం తూర్పు నుంచి దక్షిణానికి ఎంత జరిగి ఉంటుందంటే, అదీ సుమారు 23 డిగ్రీలే! పంతంగి టోల్ దగ్గర రద్దీ తప్పించుకోవాలని తెల్లవారుజామున 4 గంటలకు ఎల్బీనగర్ దాటినవాళ్ళు 6:50 ప్రాంతంలో పొద్దు పొడిచేసరికి సూర్యాపేట దాటి కోదాడ వైపు సాగుతుంటారు. ఆ ముక్క కూడా దాదాపు అదే వాలులో ఉంది. ఇక్కడ సూర్యుడు గంటకు 13, 14 డిగ్రీల చొప్పున పైకి వస్తాడు కాబట్టి మన చూపుకు దూరంగా 15 డిగ్రీల పైకి వెళ్ళడానికి గంటకు పైనే పడుతుంది. దారి వంపులు తిరిగిన చోట కాసేపు ఊరట దొరుకుతుంది, అంతే.

పండగ అయ్యాక సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఇంత ఇబ్బంది ఉండదు. రోడ్డు పడమటికి ఉత్తరంగా వాలి ఉంటే సూర్యుడు దక్షిణంగా దిగుతుంటాడు. మధ్యలో దాదాపు 45 డిగ్రీల ఎడం. ఎండ ఎడమ చెంప మీద పడుతుంది కానీ సూటిగా కళ్ళలోకి రాదు. వేసవి సెలవులు ముగిసి మే నెల చివర్లో హైదరాబాద్ తిరిగొచ్చేవాళ్ళకు మాత్రం సాయంత్రం ఎండ ముఖానే ఉంటుంది.

వరంగల్ రోడ్డు కథ దీనికి తలకిందులు. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వైపు దారి తూర్పు నుంచి ఉత్తరానికి 20 డిగ్రీలకు పైగా తిరిగి ఉంటుంది. అంటే ఆ దారిలో పొద్దున్నే వెళ్ళేవాళ్ళకు మే, జూన్ నెలలు కష్టం, సాయంత్రం నగరంలోకి వచ్చేవాళ్ళకు డిసెంబరు, జనవరి కష్టం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కు వెళ్ళే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది కాబట్టి అక్కడ నీరెండ ఏ కాలంలోనైనా పక్క నుంచే వస్తుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు గుండ్రంగా తిరుగుతుంది కనుక ఎప్పుడు వెళ్ళినా ఏదో ఒక ముక్కలో సూర్యుడు ఎదురవుతాడు.

వీపు మీద ఎండ ఉన్నప్పుడు

ఉప్పల్, హబ్సిగూడ వైపు నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు పొద్దున ప్రయాణం పడమటికి, సాయంత్రం తూర్పుకు. రెండుసార్లూ ఎండ వీపు మీదే. రోడ్డు శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ఇబ్బందేమీ లేదనిపిస్తుంది. కానీ ఆ సమయంలో వాళ్ళు ఇతరులకు కనిపించకపోవచ్చు. ఉదయం అదే రోడ్డు దాటాలని డివైడర్ దగ్గర నిలబడిన పెద్దావిడ బండ్లు వస్తున్నాయేమోనని తూర్పుకు తిరిగి చూస్తారు. ఆవిడ కళ్ళలో సూర్యుడు, ఆ వెలుగులోంచి వచ్చే బైకు. బైకు నడిపే కుర్రాడికి ఆవిడ స్పష్టంగా కనిపిస్తున్నారు, ఆవిడ తనను చూశారనే అతను అనుకుంటాడు. ఎండలో జరిగే ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు డ్రైవర్ కళ్ళ సంగతే వస్తుంది తప్ప, కాలినడకన వెళ్ళేవాళ్ళ కళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. అది నాకు బాధగా ఉంటుంది.

సిగ్నల్ లైట్లతోనూ ఇలాంటి చిక్కే ఉంది. వీపు మీది ఎండ నేరుగా సిగ్నల్ అద్దాల మీద పడితే ఆరిపోయి ఉన్న రంగు కూడా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. దీపాల మీద చూరులా ఉండే నల్లటి మూతలు పెట్టేది ఇందుకే, కానీ బాగా కిందికి దిగిన ఎండను అవి ఆపలేవు.

డివైడర్ వెడల్పు చేసే పని

ఇక రాత్రి సంగతి. ఎదుటి కారు దగ్గరకొచ్చేకొద్దీ ఇబ్బంది పెరుగుతూ పోతుందని అనిపిస్తుంది. చూపు తగ్గించే తెర లెక్క మాత్రం అలా నడవదు. దూరం సగమైతే కంటిని చేరే కాంతి నాలుగు రెట్లవుతుంది. అదే సమయంలో లైటు మన చూపు నుంచి పక్కకు జరుగుతూ కోణం రెట్టింపవుతుంది, తెర నాలుగో వంతుకు తగ్గాలి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లైటు అన్ని దిశల్లోనూ ఒకే బలంతో వెలుగుతుందనుకుంటే, కారు దూరంలో ఉన్నా దగ్గరకొచ్చినా తెర దాదాపు అంతే. మిగిలిన ముఖ్యమైన అంశం ఒక్కటే: మన దారికీ ఎదుటి కారు దారికీ మధ్య పక్కకు ఎంత ఎడం ఉందన్నది.

చేవెళ్ల వైపు మర్రిచెట్ల మధ్య సాగిన పాత రెండు వరుసల రోడ్డు లాంటి చోట ఆ ఎడం 3 మీటర్లనుకుందాం. వెడల్పాటి డివైడర్ ఉన్న హైవే మీద 9 మీటర్లనుకుందాం. ఎడం మూడు రెట్లు పెరిగితే అదే లైటు వేసే తెర తొమ్మిదో వంతుకు పడిపోతుంది. హైవేల డివైడర్ల మీద గన్నేరు మొక్కలు గుబురుగా పెంచడానికి అందం ఒక్కటే కారణం కాదు, ఎదుటి లైట్లను ఆపడం కూడా వాటి పని. మొక్కలు ఎండిపోయి సందులు పడిన చోట లైట్లు ఆగి ఆగి కంట్లో కొడుతుంటే వాటి విలువ తెలుస్తుంది.

డిక్కీ నిండితే లైటు పైకి లేస్తుంది

లో బీమ్ అంటే తక్కువ వెలుగు అనుకుంటారు చాలామంది. అసలు తేడా వెలుగు ఎటు పోతుందన్నదానిలో ఉంది. లో బీమ్‌కు పైన ఒక హద్దు గీత ఉంటుంది, దానికి పైన వెలుగు బాగా తగ్గిపోవాలి. మన దేశంలో ఎడమ పక్కన నడుస్తాం కాబట్టి ఆ గీత కుడివైపు, అంటే ఎదుటి బండ్ల వైపు, కిందికి ఉంటుంది. ఎడమవైపు ఫుట్‌పాత్ కనపడేలా కొంచెం పైకి లేస్తుంది. ఆ గీత 100కి 1 చొప్పున కిందికి వాలేలా పెట్టారనుకుందాం. 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైటు 70 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది.

ఇప్పుడు వెనక సీట్లో ముగ్గురు కూర్చున్నారు, డిక్కీలో బియ్యం బస్తా, పిండివంటల డబ్బాలు సర్దారు. రెండు చక్రాల ఇరుసుల మధ్య రెండున్నర మీటర్ల దూరం ఉన్న కారు వెనక భాగం నాలుగున్నర సెంటీమీటర్లు కుంగితే ముందు భాగం సుమారు 1 డిగ్రీ పైకి లేస్తుంది. ఒక డిగ్రీ అంటే 100కి 1.75. కిందికి 1 వాలిన వెలుగు ఇప్పుడు పైకి 0.75 లేచింది. 60 మీటర్ల దూరానికి అది 45 సెంటీమీటర్లు ఎగబాకి నేల నుంచి 115 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. చిన్న కారు డ్రైవర్ కళ్ళు సుమారుగా ఆ ఎత్తులోనే ఉంటాయి. ఆ డ్రైవర్ ఇటువైపు హై బీమ్ వేశారనుకుని తిట్టుకుంటారు, ఇటువాళ్ళు లో బీమ్‌లోనే ఉన్నామని నమ్ముతుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

చాలా కార్లలో స్టీరింగ్‌కు కుడిపక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు పెరిగినప్పుడు హెడ్‌లైటును కిందికి దించడానికి ఇచ్చిందే అది. డ్రైవర్ ఒక్కరే ఉంటే 0, బండి నిండితే పై అంకెలు. ఏళ్ళ తరబడి 0 మీదే ఉండిపోయిన కార్లే ఎక్కువ.

ఎస్‌యూవీల మీద ఫిర్యాదుకూ ఆధారం ఇక్కడే ఉంది. లైటు ఎత్తు పెరిగితే, సరైన వాలులో ఉన్నా, ముందున్న చిన్న కారు అద్దాల్లోకి వెలుగు తేలిగ్గా వెళ్తుంది.

ఎల్ఈడీదే తప్పా?

ఈ వాదనలో రెండు పక్షాలకూ బలముంది. ఎల్ఈడీ వెలుగు తెల్లగా, నీలం పాలు ఎక్కువగా ఉంటుంది. సమానమైన కాంతి ఉన్నా అలాంటి వెలుగు పాత రకం హాలోజన్ బల్బుల పసుపు వెలుగు కంటే కంటికి ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. చూపు తగ్గించడంలో మాత్రం రంగు పాత్ర చిన్నది. అవతలి పక్షం చెప్పేదేమంటే, కంపెనీ బిగించిన ఎల్ఈడీలో హద్దు గీత పదునుగా ఉంటుంది, వాలు సరిగ్గా ఉంటే ఎదుటివాళ్ళకు పాత లైటు కంటే తక్కువ వెలుగే పోతుంది. నిజమే, కానీ ఆ పదునుకూ ఒక ఇబ్బంది ఉంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినా గుంతలో పడినా గీత ఒక్కసారి కళ్ళ మీదుగా లేచి దిగుతుంది. ఎదుటివాళ్ళకు డిప్పర్ కొట్టినట్టుంటుంది. మన రోడ్ల మీద ఇది రోజూ జరిగేదే.

నన్ను అడిగితే ఎక్కువ తప్పు బయట బిగించుకునే ఎల్ఈడీ బల్బులది. హాలోజన్ హెడ్‌లైటు లోపలి అద్దపు గిన్నెను ఫిలమెంట్ ఫలానా చోట, ఫలానా ఆకారంలో ఉంటుందనే లెక్కతో తయారు చేస్తారు. అందులో ఎల్ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు కొద్దిగా మారినా హద్దు గీత చెదిరిపోతుంది. డ్రైవర్‌కు ముందంతా తెల్లగా వెలిగి బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే పక్కలకూ పైకీ పోయే వెలుగు కూడా అందులో ఉంది. కంపెనీ ఇచ్చే హాలోజన్ బల్బు సాధారణంగా 60/55 వాట్లు (హై బీమ్‌కు 60, లో బీమ్‌కు 55). దాని స్థానంలో 100/90 వాట్ల బల్బు పెట్టినా ఇబ్బంది ఎదుటివాళ్ళకే. అనుమతి లేని మార్పులకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది.

బైకుల లైట్లు పగలు కూడా వెలగడం నడిపేవాళ్ళ తప్పు కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజన్‌తో పాటే లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. అది లో బీమ్‌లో వెలగడానికే తప్ప హై బీమ్‌కు అనుమతి కాదు.

హై బీమ్ వేసేవాళ్ళ వాదన కూడా వినాలి. లో బీమ్‌లో నల్లటి వస్తువు 50 మీటర్ల దగ్గర కనిపించిందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు. ఆగడానికి మరో 40 మీటర్లు. మొత్తం 73. రోడ్డు మీద పడుకున్న గేదె, వెనక లైట్లు లేకుండా ఆపిన లారీ కనపడేసరికి అంతకంటే దగ్గరలోనే ఉంటాయి. దీపాల్లేని రోడ్డు మీద హై బీమ్ అవసరమే. ఎదుటి బండి కనపడగానే దించడం, దించినంతసేపు వేగం తగ్గడం, ఈ రెండోదే మనవాళ్ళు మరిచిపోయేది.

అద్దం, కళ్ళజోడు, వయసు

వెలుగు చెదిరేది కంట్లోనే కాదు, ముందు అద్దం మీద కూడా. కోకాపేట, నార్సింగి వైపు నిర్మాణాల దుమ్మును పొడి వైపర్‌తో తుడిస్తే సన్నటి గీతలు పడతాయి. ఎండలో నిలిపిన కారు లోపలి ప్లాస్టిక్ ఆవిర్లు అద్దం లోపలి వైపు జిడ్డు పొరలా పేరుకుంటాయి. వేలితో గీస్తే గీత పడుతుంది. పగలు తెలియని ఆ పొర ఎదుటి లైటు పడగానే మబ్బులా వెలుగుతుంది. గీతలు పడిన హెల్మెట్ వైజర్‌తోనూ ఇదే బాధ.

పోలరైజ్డ్ కళ్ళద్దాలు తడి రోడ్డు, బానెట్, డ్యాష్‌బోర్డు మీద నుంచి తిరిగొచ్చే వెలుగును బాగా తగ్గిస్తాయి. నేరుగా వచ్చే ఎండకు అవి మామూలు నల్లద్దాల్లాగే పనిచేస్తాయి. వాటితో కొన్ని స్క్రీన్లు నల్లగా కనిపించవచ్చు. ఎండకు రంగు మారే లెన్సులు కారులో పెద్దగా నల్లబడవు, వాటికి కావలసిన అతినీలలోహిత కిరణాలను ముందు అద్దం ఆపేస్తుంది కాబట్టి. ఇక రాత్రి డ్రైవింగ్ కోసమని అమ్మే పసుపు కళ్ళజోళ్ళను 2019లో అమెరికా పరిశోధకులు సిమ్యులేటర్ మీద పరీక్షిస్తే, ఎదుటి లైటు ఉన్నప్పుడు పాదచారులను గుర్తించడంలో వాటి వల్ల మేలేమీ కనపడలేదు. అవి కూడా కొంత కాంతిని ఆపేవే కదా.

వయసు పాత్ర పెద్దది. ప్రామాణిక సూత్రం ప్రకారం 70 ఏళ్ళ కంట్లో పడే తెర యువకుల కంట్లో పడేదానికి రెట్టింపు. శుక్లం మొదలైతే ఇంకా ఎక్కువ. లైట్ల చుట్టూ వలయాలు, చుక్కల్లా చీలిన కిరణాలు కనిపించడం దాని తొలి లక్షణాల్లో ఒకటి. రాత్రిళ్ళు నాన్న కారు తీయడం మానేశారంటే కారణం భయమే కాకపోవచ్చు.

చట్టం కూడా కోణాన్నే కొలుస్తుంది

కేంద్ర మోటారు వాహనాల నిబంధన 106 ఒక చోటు చూపిస్తుంది: లైటుకు 8 మీటర్ల ముందు, కుడి పక్కకు అర మీటరు ఎడంగా, నేలకు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఒక కన్ను ఉందనుకుంటే, కిందికి వాల్చిన లైటు ఆ కంటికి మిరుమిట్లు గొలపకూడదు. నిబంధన స్పష్టంగానే ఉంది. ఎదుటి బండిని కెమెరాతో గుర్తించి, ఆ దిశలో మాత్రమే వెలుగు తగ్గించే హెడ్‌లైట్లు కూడా ఇప్పుడున్నాయి. అమెరికా 2022లో వాటికి అనుమతిచ్చింది, యూరప్‌లో అంతకు ముందు నుంచే ఉన్నాయి.

మామూలు లైటు వాలు మాత్రం బల్బు మార్చినా, బంపర్ దెబ్బతిని బాగు చేయించినా మారిపోతుంది. దాన్ని కొలిచే పరికరం ముందు బండి నిలబెడితే తప్ప తేలదు. లారీలు, బస్సులు, ట్యాక్సీలు ఫిట్‌నెస్ కోసం 8 ఏళ్ళ వరకు రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా పరీక్షకు వెళ్తాయి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. అన్నేళ్ళపాటు దాని హెడ్‌లైటు ఎటు చూస్తోందో అధికారికంగా ఎవరూ కొలవాల్సిన పని లేదు.